మూడో నంబరు ముఖాలు

సోమవారం పదకొండున్నరకి కిటికీ పిల్ల తన ఫోటోకి తానే మూడో నంబరు కొట్టుకుంది. కావాలని కాదు, ఎవరిదో చూసుకోకుండా కొట్టింది. ఆ హాల్లో పనిచేసేవాళ్ళు తప్ప ఇంకెవరూ చెయ్యలేని పొరపాటు అది.

హాలు నాలుగో అంతస్తులో ఉంది. ముప్పై రెండు కంప్యూటర్లు, ఒకే ఒక్క కిటికీ. స్క్రీన్ల మీద వెలుగు పడకూడదని దానికీ రోజంతా తెర దించే ఉంచుతారు. ఆ తెర పక్కన కూర్చుంటుంది కాబట్టి ఆమె కిటికీ పిల్ల అయింది. కిటికీలోంచి ఏం కనబడుతుందో మాత్రం ఎనిమిది నెలలైనా ఆమెకే తెలియదు.

డేటింగ్ యాప్‌లో ఎవరు కొత్త ఫోటో పెట్టినా, జనానికి కనబడేముందు అది ఈ హాలుకొస్తుంది. పేరుండదు, వయసుండదు, ఉత్త ఫోటో. బట్టలున్నాయా, సినిమావాళ్ళ ఫోటో తెచ్చి అతికించారా, వెనక గోడమీద ఫోన్ నంబరేమైనా రాసి ఉందా, పక్కన పసిపిల్లలున్నారా చూడాలి. అన్నీ సవ్యంగా ఉంటే చివర ఒక నంబరు కొట్టాలి. ఒకటి, రెండు, మూడు. వెలుతురు, వెనకాల కనిపించే వస్తువులు, చూడగానే కలిగే అభిప్రాయం, వీటిని బట్టి కొట్టమని చేరిన రోజున ఒక కాగితం ఇచ్చారు. ఆ నంబరుతో ఏం చేస్తారో కాగితంలో లేదు. ఫోటోకి ఆరు సెకన్లు. నంబరు ముందే కొట్టేసినా ఆరూ నిండేదాకా ఫోటో కదలదు. ఆ మిగిలిన టైములో అందరూ మెడలు విరుచుకుంటారు, కళ్ళు నలుపుకుంటారు.

ఒక్కో ఫోటో ఇద్దరికి వెళ్తుంది. ఆ రెండోవాళ్ళెవరో తెలియదు. ఇద్దరిదీ ఒకే నంబరైతే పక్కన పచ్చ టిక్కు పడుతుంది. తేడా వస్తే టీమ్ లీడ్ మేడమ్ దగ్గరికి పోతుంది. ఎన్నింటికి టిక్కులు పడ్డాయో స్క్రీన్ మూల శాతం కనబడుతూ ఉంటుంది. తొంభైకి తగ్గిందా, అంకె ఎర్రబడుతుంది. అందుకని ఆ హాల్లో ఎవరూ తమకేమనిపించిందో కొట్టరు. అవతలివాళ్ళు ఏం కొడతారో అది కొడతారు. అలా కొట్టడానికి ముఖం చూడనక్కర్లేదు. సముద్రమో కొండో ఉంటే ఒకటి. కారుంటే ఒకటి. ట్యూబులైటు, బీరువా, ఆరేసిన బట్టలు ఉంటే కళ్ళు మూసుకుని మూడు. చేరిన నెల లోపల అందరికీ ఈ విద్య ఒంటబడుతుంది. కిటికీ పిల్లకి పది రోజులు చాలాయి.

ఆ పదకొండున్నర ఫోటోలో ముందు ట్యూబులైటు కనబడింది. తర్వాత బీరువా. బీరువా మీద సూట్‌కేసు, సూట్‌కేసు మీద మడతపెట్టిన దుప్పటి. వేలు మూడు మీద పడింది. ఇంకా రెండు సెకన్లున్నాయి కదా అని మెడ తిప్పుకోబోయి మళ్ళీ చూసింది. ఆ సూట్‌కేసు వాళ్ళింటిది. దుప్పటి అన్నయ్యది. ముందు నిలబడి బలవంతాన నవ్వుతున్న పిల్ల తను.

తెలిసినవాళ్ళ ఫోటో వస్తే వదిలెయ్యడానికి ఒక మీట ఉంది. అది నంబరు కొట్టకముందు నొక్కాలి. ఫోటో పోయింది. పడవలో కూర్చున్న మనిషెవరో వచ్చాడు. ఆమె వేలు అతనికి ఒకటి కొట్టేసింది.

పావుగంటకి ఆ బీరువా ఫోటో పక్కన పచ్చ టిక్కు పడింది.

అది పన్నెండో ఫోటో. ఎనిమిది నెలల్లో పదకొండు మార్చింది. జుట్టు విరబోసుకుని ఒకటి, కట్టుకుని ఒకటి, ముక్కు వంకర కనబడకుండా తల పక్కకి వంచి నాలుగు. ముక్కు వంకరని ఆ యాప్‌లో చేరేదాకా ఆమెకి తెలియదు. ఎనిమిది నెలల్లో నచ్చిందని ఒక్కరూ అనలేదు. రోజుకి నలభైసార్లు ఫోను తెరిచి చూసుకోవడం, చూసుకున్నాక అన్నం సయించకపోవడం, తెల్లవారుజాము దాకా నిద్ర పట్టకపోవడం, పొద్దున పళ్ళు తోముకునేటప్పుడు అద్దానికి వీపు పెట్టి నిలబడటం, ఇదంతా తన ముఖం చేసుకున్న పాపం అనుకుంది. పోల్చుకోడానికి పక్కన ఎవరూ లేరు మరి. హాల్లో ఆ యాప్‌లో ఉన్నానని నోరు విప్పి చెప్పే మనిషి ఒక్కడూ లేడు.

మధ్యాహ్నం అన్నం డబ్బా తెరవకుండా మూడో అంతస్తుకి దిగింది. అక్కడ చల్లటి గదిలో సిస్టమ్స్ చూసే ఆయన ఒకడుంటాడు. కీబోర్డు మారుస్తారేమోనని వచ్చినట్టు మాటలు కలిపి, ఇంతకీ మేం కొట్టే ఆ నంబర్లు ఎటు పోతాయండీ అని అడిగింది. ఆయనకి దాచాలని కూడా తోచలేదు, ఇన్నాళ్ళూ మీకు తెలుసనుకున్నానన్నాడు. యాప్‌లో ఒకట్లు పై అర, రెండ్లు మధ్య అర, మూళ్ళు కింది అర. పై రెండు అరలూ చూడటం అయిపోతేగాని కింది అర ఎవరికీ తెరుచుకోదట. పై అరలు ఎప్పటికి అయిపోతాయి అని అడిగితే నవ్వాడు. రోజూ కొత్తవాళ్ళు చేరుతూనే ఉంటారు కదమ్మా, ఎలా అయిపోతాయి అన్నాడు.

మెట్ల మీద ఆమెకి ముందు ఏడుపొచ్చింది. తనని ఎవరూ కాదనలేదు, అసలెవరూ చూడనేలేదు. రెండో మలుపు దగ్గర ఏడుపు ఆగిపోయింది. రోజుకి మూడున్నర వేల ఫోటోలు. అందులో సగం మూళ్ళు. తను కొట్టినవే. ఆ సగంమందీ ఎక్కడో బాత్రూముల్లో అద్దానికి వీపు పెట్టి పళ్ళు తోముకుంటున్నారు. ఒళ్ళు మండిపోయింది. ఎవరి మీదో చెప్పడం కష్టం, అందులో తన వాటా తనకుంది.

సాయంత్రం ఇంటికెళ్ళేసరికి వదిన అప్పుడే వచ్చి కాళ్ళు చాపుకు కూర్చుంది. వదిన రక్తపరీక్షల ల్యాబులో రక్తం తీసే మనిషి. పొద్దున ఆరింటి నుంచి వందమంది చేతులు పట్టుకుంటుంది, ఇంటికొచ్చాక చెంచా పట్టుకోడానికి కూడా బద్ధకం అంటుంది. అన్న లిఫ్టులు బాగుచేసే పని మీద ఎక్కడో ఇరుక్కున్నాడు, రాలేదు. ఆదివారం ఫోటో తీసింది వదినే. కాస్త నవ్వు తల్లీ, నేనేం సూది గుచ్చటంలేదు అంటూ తీసింది.

ఆడపడుచు చెప్పిందంతా వదిన అడ్డు రాకుండా విన్నది. బీరువా దగ్గర మాత్రం, బీరువాకేం రోగం, కొత్తగా రంగేయించాం కదా అని గొణిగింది. తర్వాత ఆమె చెయ్యి లాక్కుని, అలవాటు కొద్దీ మోచేతి మడత మీద వేలు పెట్టి నొక్కి చూసింది.

"ఎనిమిది నెలల్లో ఆరు కిలోలు తగ్గావు. అడిగితే డైటింగ్ అన్నావు. నేను నమ్మానా? నమ్మలేదు. ఇంకోసారి అడగకపోవడం నా తప్పే. ఇదిగో అమ్మడూ, మా దగ్గరికి నరం దొరకనివాళ్ళు రోజుకి పదిమంది వస్తారు. నరం కనపడలేదని మనిషికి రక్తమే లేదని రాసి పంపించేస్తామా? లైటు దగ్గరికి లాక్కుని మళ్ళీ చూస్తాం. మీ ఆఫీసులో ఆ మాత్రం చెయ్యలేరూ?"

ఆరు సెకన్లే ఉంటాయి వదినా అంది కిటికీ పిల్ల.

"ఆరు సెకన్లలో నేను సూది దించి తీస్తాను," అంది వదిన.

మంగళవారం ఆమె ముఖాలు చూడటం మొదలుపెట్టింది. మొదట కష్టమైంది. కళ్ళు వాటంతటవే వెనకాల గోడకి పోతున్నాయి. బొటనవేలితో గోడ ఉన్న చోటుని స్క్రీన్ మీద కప్పేసి చూసింది. హెల్మెట్ తీసిన గీత నుదుటిమీద అలాగే ఉన్న అమ్మాయి. మందుల షాపు కౌంటరు వెనక నిలబడి ఎవరిచేతో తీయించుకున్నవాడు, మధ్యలో గిరాకీ వచ్చిందేమో, చూపు పక్కకి పోయింది. కళ్ళజోడు అద్దాల్లో రెండు ట్యూబులైట్లు మెరుస్తున్న మనిషి. వంటింటి గట్టు మీద ఫోను ఆనించి, టైమరు పెట్టి, పరుగెత్తుకొచ్చి నిలబడి, ఇంకా రొప్పుతున్న ఒకామె. ఆమె ఒకే నియమం పెట్టుకుంది. ఎవరి ముఖం వాళ్ళు పెట్టుకుంటే చాలు, ఒకటి. వెలుతురు మరీ లేకపోతే రెండు. మూడు కీ మీద దుమ్ము పడనీ అనుకుంది.

పదింటికి తొంభై ఆరు. పదకొండుకి ఎనభై ఎనిమిది, అంకె ఎర్రబడింది. మూడింటికి డెబ్భై నాలుగు. చేరినప్పటినుంచి ఆ అంకె ఎర్రబడితే ఆమె ఆ పూట అన్నం ముట్టేది కాదు. ఇవాళ అలాంటిదేం లేదు. పైగా మధ్యాహ్నం డబ్బా ఖాళీ చేసి, వదిన పెట్టినది చాలలేదని క్యాంటీన్‌లో బన్ను కొనుక్కు తిన్నది.

మేడమ్ నాలుగింటికి వెనక వచ్చి నిలబడి, కళ్ళు నొప్పిగా ఉన్నాయా, సీటు మార్చమంటావా అని మెత్తగా అడిగింది. అక్కర్లేదండీ, ఇప్పుడే సరిగ్గా కనబడుతున్నాయి అంది ఆమె. మేడమ్ నవ్వాలో వద్దో తేల్చుకోలేక వెళ్ళిపోయింది.

అయితే చిక్కు ఒకటుంది. ఆమె కొట్టే ఒకటి, అవతల మూడు కొట్టినవాళ్ళ శాతాన్ని కూడా కిందికి లాగుతుంది. బుధవారం పదకొండయ్యేసరికి హాల్లో తొమ్మిది అంకెలు ఎర్రగా ఉన్నాయి. ముఖాలు ముడుచుకున్నాయి. మంచినీళ్ళ డబ్బా దగ్గర ఆమెని చూసి ఇద్దరు మాటలాపేశారు. ఆమె ఒకట్లే కొడుతోందని పక్క సీటునుంచి చూస్తున్న లెక్కల మాస్టారు మాత్రం నేరుగా తిరిగాడు. అతను మాస్టారేం కాదు. లెక్కల్లో పెద్ద చదువు చదివి, పాఠం చెప్పే ఉద్యోగం దొరక్క వచ్చిపడ్డవాడు. ముప్పై నిండలేదు. ఎప్పుడూ కళ్ళకింద నల్లగా ఉంటుంది, సొరుగులో నిద్రమాత్రల అట్ట ఉంటుంది. ఈ హాల్లో చాలా పాతకాపు.

"నీకేమైనా పిచ్చి పట్టిందా? నా శాతం ఎంతకి దిగిందో చూశావా? ఎనభై మూడు. నేనిక్కడ చేరాక ఎన్నడూ ఎరుపు చూడలేదు. నీకు నీతి కావాలంటే ఇంటి దగ్గర చేసుకో, నా అంకె జోలికి రాకు."

ఆమెకి కోపం రాలేదు. మొన్నటిదాకా తన అంకెని ఎవరైనా కదిపితే తనూ ఒంటికాలిమీద లేచేదే. మధ్యాహ్నం భోజనాల గదిలో మాట్లాడతాను మాస్టారూ, కాస్త వినండి అంది.

భోజనాల గదిలో ఇరవైమంది ఉన్నారు. ఆమెకి పదిమందిలో మాట్లాడే అలవాటు లేదు, మూతపెట్టిన డబ్బా రెండు చేతులతో పట్టుకుని నిలబడింది. సిస్టమ్స్ ఆయన అన్న మాటలు చెప్పింది. కింది అర సంగతి చెప్పింది. సోమవారం తన ఫోటోకి తాను ఏం కొట్టుకుందో చెప్పేసరికి ఎవరో కిసుక్కున నవ్వి ఆపేశారు.

"దానికి పచ్చ టిక్కు పడింది. అంటే మీలో ఒకరు కూడా మూడే కొట్టారు. ఎవరని అడగను, మీరు నా ముఖం చూడలేదు, నేనే చూడలేదు. ఎనిమిది నెలల నుంచి నన్నెవరూ ఇష్టపడటం లేదని ఏడుస్తున్నాను. ఏడిపిస్తున్నది నేనే. ఈ గదిలో ఆ యాప్‌లో ఉన్నది నేనొక్కదాన్నే అయితే నన్ను క్షమించండి, రేపటినుంచి పాత పద్ధతే."

మాస్టారు తల వంచుకుని డబ్బా అడుగు గీకుతున్నాడు, అందులో ఏమీ లేదు. ఒకమ్మాయి లేచి చేతులు కడుక్కోడానికి వెళ్ళి చాలాసేపు కుళాయి తిప్పే ఉంచింది. గంట మోగాక అందరూ వెళ్ళిపోయారు. ఆమె మిగిలింది తిని, డబ్బా కడుక్కుని, సీటుకెళ్ళింది. పొరపాటు చేశాననే అనుకుంది. అయినా మధ్యాహ్నమంతా ఒకట్లే కొట్టింది. సాయంత్రానికి అంకె డెబ్భై ఒకటి.

గురువారం పొద్దున కొట్టిన మొదటి ఫోటో, బట్టలు ఆరేసిన దండెం ముందు నిలబడ్డ మనిషి. ఒకటి కొట్టింది. పది నిమిషాలకి దాని పక్కన పచ్చ టిక్కు పడింది. ఎవరో పరాకున కొట్టారనుకుంది. తర్వాత మెట్ల కింద స్కూటర్ల మధ్య తీసుకున్న ఫోటో. దానికీ టిక్కు. మంచం అంచున కూర్చున్నామెకి టిక్కు. ఆమె కుర్చీలో కదలకుండా కూర్చుంది. తల తిప్పి చూస్తే ముప్పై ఒక్క వీపులూ ఎప్పటిలాగే వంగి ఉన్నాయి. ఎవరూ ఎవరినీ చూడటం లేదు. ఎవరో ఏమిటో తెలియని మనిషి, ఆ దండెం ముందున్న ముఖాన్ని చూసి ఒకటి కొట్టారు.

మధ్యాహ్నానికి డెబ్భై తొమ్మిది. నాలుగింటికి ఎనభై ఆరు. ఆ రోజు తేడాలొచ్చి మేడమ్ దగ్గరికి పోయిన ఫోటోలు రెండువేలు దాటాయని, ఆవిడ కాఫీకి కూడా లేవలేదని క్యాంటీన్‌లో చెప్పుకున్నారు. చెప్పుకున్నది అదొక్కటే. ఆమెతో ఎవరూ ప్రత్యేకంగా మాట్లాడలేదు. సాయంత్రం లిఫ్టులో మాత్రం, కుళాయి తిప్పి ఉంచిన అమ్మాయి ఆమె పక్కకి జరిగి, అద్దంలో ఆమె ముఖం వంక చూసి, ముక్కుకేమైంది, బాగానే ఉందిగా అంది. తన ముక్కు గురించి ఎవరికీ చెప్పిన గుర్తు ఆమెకి లేదు, రోజూ తడుముకుంటుంటే చూసి ఉంటారు. ఆ రాత్రి తొమ్మిదిన్నరకే నిద్ర ముంచుకొచ్చింది.

శుక్రవారం పదకొండుకి అంకె తొంభై మూడు. పచ్చబడింది. పదకొండుంబావుకి మేడమ్ క్యాబిన్‌లోకి పిలిచింది.

మేడమ్ చెడ్డదేం కాదు. గొంతు పెంచి ఎరగదు, అందరి పుట్టినరోజులూ గుర్తుంటాయి. బల్లమీద మంచినీళ్ళ గ్లాసు ముందే పెట్టించింది, పక్కన కాగితపు రుమాళ్ళ పెట్టె. ఏడుస్తుందని సిద్ధం చేసినట్టుంది. శాతం పచ్చగానే ఉందమ్మా, దాన్ని తప్పుపట్టడానికి లేదు అని మొదలుపెట్టి, కానీ ఈ రెండు రోజులూ హాలు మొత్తం మీద నూటికి డెబ్భై ఒకట్లే పడ్డాయని, పై అర పట్టనంతగా నిండిపోయిందని, పైవాళ్ళు అడుగుతున్నారని చెప్పింది. ఎవరు మొదలుపెట్టారో కంప్యూటర్‌కి తెలుసు. మంగళవారం, పది దాటాక.

"నిన్ను పంపించెయ్యమన్నారు. నేనే ఆపాను. నువ్వు మంచి పనిమంతురాలివి. ఇదిగో, ఉద్యోగుల మానసిక ఆరోగ్యానికి మనకో ఫారం ఉంది. మనసు బాగాలేక ఈ వారం తప్పులు కొట్టానని రాసి సంతకం పెట్టు చాలు. జీతంతో రెండు వారాలు సెలవు, కౌన్సెలర్ దగ్గరికి వాళ్ళే పంపిస్తారు. నీ ఉద్యోగం నీకుంటుంది. వచ్చాక మామూలుగా చేసుకో."

కిటికీ పిల్ల ఫారం దగ్గరికి లాక్కుంది. నీలం రంగు గీతలు, మూలన నవ్వుతున్న పువ్వు బొమ్మ. నాలుగు నెలల కిందట నిద్ర పట్టడం లేదు, డాక్టర్‌కి చూపించుకుంటాను, రెండు రోజులు సెలవివ్వండి అని ఇదే కుర్చీలో కూర్చుని అడిగింది. శాతం అంత పచ్చగా ఉంది, నీకేమయిందమ్మా అన్నది ఈ మేడమే. ఆ రోజు ఈ పువ్వు ఫారం ఎక్కడుందో. అప్పుడిచ్చి ఉంటే కళ్ళకద్దుకునేది. ఇప్పుడు ఆకలేస్తోంది, నిద్ర పడుతోంది, పొద్దున అద్దం వైపు తిరిగి పళ్ళు తోముకుంది. తీరా ఇప్పుడు జబ్బంటున్నారు.

ఉద్యోగం పోతే కష్టమే. అన్నావదినల ఇంట్లో ఆమె జీతం లేకుండా నెల నడవదు. ఆ సంగతి ఆలోచించకుండా ఉండేందుకు ఆమె మరీ పసిపిల్లేం కాదు. ఆలోచించింది. గ్లాసులో నీళ్ళు సగం తాగింది. తర్వాత పెన్ను మూత తీసింది.

పేరు రాసింది. సీటు నంబరు రాసింది. లక్షణాలు అన్నచోట నిద్రలేమి, ఆకలి లేకపోవడం, ఊరికే ఏడుపు రావడం, తన ముఖం తాను చూసుకోలేకపోవడం అని పొందిగ్గా రాసింది. మేడమ్ తలకిందుగానే చదువుతూ, అయ్యో, నాకు ముందే చెప్పి ఉంటే బాగుండేదమ్మా అంది. ఆ మాట నిజంగా బాధపడుతూనే అంది. చివరి గడి, ఈ లక్షణాలు ఎప్పటినుంచి ఉన్నాయి. అక్కడ ఆమె చెయ్యి ఆగలేదు.

'ఎనిమిది నెలలు. ఈ పని మీరు చెప్పినట్టు చేసినన్నాళ్ళూ. మంగళవారం నుంచి లేవు.'

సంతకం పెట్టి కాగితం తిప్పి మేడమ్ వైపు జరిపింది. మేడమ్ చదివింది. మళ్ళీ చదివింది. కళ్ళజోడు తీసి బల్లమీద పెట్టి, ఇది నేను పైకి పంపలేనమ్మా అంది.

"పంపకపోతే మానెయ్యండి మేడమ్. ఇంకోటి మాత్రం రాయను. నేను తప్పులు కొట్టింది ఈ వారం కాదు."

ఆవిడ ఏమైనా అంటుందేమోనని నిలబడి చూసింది. మేడమ్ ఫారం చించలేదు, అలా పట్టుకునే ఉంది. ఆమె కుర్చీ సరిగ్గా జరిపి బయటికొచ్చింది. పెన్ను ఇంకా చేతిలోనే ఉంది.

క్యాబిన్ బయట గోడ పక్కన కుర్చీలో లెక్కల మాస్టారు కూర్చుని ఉన్నాడు. తర్వాత వంతు అతనిదట. ఈ రెండు రోజుల్లో ఆమె తర్వాత అందరికన్నా ఎక్కువ ఒకట్లు కొట్టింది అతనేనని కంప్యూటర్ చెప్పింది. గురువారం ఒక్కరోజే మూడు వేలు. ఆమె నోరు తెరుచుకుని చూసింది. అతను ఆమె వైపు చూడకుండా, లోపల ఫారం ఇస్తున్నారా, ఎప్పటినుంచి అన్నచోట ఏం రాశావు అని అడిగాడు. ఆమె రాసింది రాసినట్టు చెప్పింది.

మాస్టారు పెదవులు కదుపుతూ వేళ్ళు ముడిచాడు. ఒక చెయ్యి అయిపోయింది, రెండో చెయ్యి అయిపోయింది, మళ్ళీ మొదటి చేతి మీద నాలుగు ముడిచాడు.

"నాది పద్నాలుగు నెలలు," అని ఆమె చేతిలో పెన్ను అందుకుని, తలుపు తోసుకుని లోపలికి వెళ్ళాడు.